ట్రైనింగ్‌లో అమెరికా స్లైడ్లు, ఓపీలో తండా పేషెంట్. ఇప్పుడేం చేయాలి?

కౌన్సెలర్_కూకట్‌పల్లి
మా సెంటర్లో ఈమధ్య ‘కల్చరల్ కాంపిటెన్స్’ అని వర్క్‌షాప్ పెట్టారు. మనకంటే వేరే జాతి, వేరే భాష, వేరే మతం వాళ్ళకు మానసిక వైద్యం చేసేటప్పుడు ఎలా నడుచుకోవాలో నేర్పిస్తారట. స్లైడ్లన్నీ అమెరికావే. నల్లజాతి వాళ్ళతో ఇలా ఉండండి, హిస్పానిక్ ఇళ్ళలో తండ్రిని ముందు పలకరించండి, ఆసియా వాళ్ళు కళ్ళలోకి సూటిగా చూడరు... ఈ ఆఖరి స్లైడ్‌కి వెనక వరసలో ఒకటే నవ్వులు. ఆసియా వాళ్ళం మేమే, అందరం ఆ సారు కళ్ళలోకే చూస్తున్నాం.

ఆ వారమే నల్గొండ వైపు తండా నుంచి ఒకావిడ వచ్చింది. నలభై దాటి ఉంటాయి. వెంట ఇంటర్ చదివే కొడుకు. ఆమెకు తెలుగు కొంచెం అర్థమవుతుంది, మాట్లాడేది మాత్రం లంబాడీల గోర్ బోలీ. మేం ప్రశ్న అడిగితే కొడుకు అటు చెప్తాడు, ఆమె చెప్పింది ఇటు చెప్పాలి. ఆమె చాలాసేపు మాట్లాడింది. మధ్యలో కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కొడుకు టేబుల్ మీది పెన్ స్టాండ్ వైపు చూస్తూ, “నిద్ర పడతలేదంట మేడం” అన్నాడు. అంతే. నిద్రకు మాత్ర రాసిచ్చి పంపారు డాక్టర్ గారు.

ఆమె అంతసేపు చెప్పింది నిద్ర గురించేనా? మన దగ్గర లంబాడీ, గోండు, పాతబస్తీ, ఒరిస్సా కూలీలు... ఇలాంటి వాళ్ళతో పనిచేసేవాళ్ళు నిజంగా ఏం చేస్తున్నారో చెప్పండి. పీడీఎఫ్‌లు పంపకండి, మా దగ్గర బోలెడున్నాయి.

మోడరేటర్
పైన ఊరి పేరు తీసేసి జిల్లా వరకే ఉంచాను. పేషెంట్ల గురించి రాసేటప్పుడు వివరాలు మార్చి రాయండి. మందుల డోసులు ఎవరూ పెట్టొద్దు.

లాజిక్_లక్ష్మణ్
డిప్రెషన్‌కి కులం, మతం, భాష ఏంటండీ? షుగర్ వస్తే మీ తండాలో ఏ పండగలు చేస్తారని అడిగి ఇన్సులిన్ ఇస్తారా? మెదడు అందరిదీ ఒకటే. భాష రాకపోతే వచ్చినవాణ్ణి పెట్టుకోండి, అయిపాయె. దీనికో వర్క్‌షాప్, దానికో లంచ్.

ఇరానీచాయ్_ఇస్మార్ట్
షుగర్‌కి కూడా ఏం తింటావని అడగాల్సిందే కదన్నా. జొన్నరొట్టె తినేటోడికి ఓట్స్ తినమని రాసిస్తే ఆ చీటీలో మిర్చి బజ్జీ కట్టుకుంటడు.
లంచ్ బాగుందా అక్కా?

కౌన్సెలర్_కూకట్‌పల్లి
లంచ్ ఒక్కటే మన కల్చర్‌లో ఉంది. పప్పుచారు.

గోర్_పోరడు
ఆ కొడుకు కుర్చీలో చిన్నప్పుడు నేను కూర్చున్న. మా యాడీ (అమ్మను అట్లనే అంటం) డాక్టరమ్మకు చెప్పింది మా నాయన గురించి. అప్పు తెచ్చి బోరు వేసిండు, నీళ్ళు పడలె, తాగుడు మొదలుపెట్టిండు, రాత్రయితే కొడుతుండు. ఇవన్నీ నేను తెలుగుల చెప్పాలె. మా నాయన బయట బెంచీ మీద కూర్చున్నడు, తలుపు సగం తెరిచే ఉంది. పదమూడేళ్ళ పిల్లగాడు ఏం చెప్తడు? కడుపు నొప్పి అని చెప్పిన. స్కానింగ్ రాసిండ్రు.

అందుకని లక్ష్మణ్ గారూ, “భాష వచ్చినవాణ్ణి పెట్టుకోండి” అన్నంత తేలిక కాదు. ఎవణ్ణి పెడుతున్నరన్నదే అసలు లొల్లి.

ఇంకో మాట. తెలంగాణల ఎస్టీలంటే అందరికన్న ఎక్కువ మంది మేమే. ఈ ఊళ్ళ ఏ లేబర్ అడ్డా మీద నిలబడ్డా గోర్ బోలీ వినబడుతది. ఆసుపత్రిల మాత్రం ఎవ్వరికీ రాదు. అట్లని లంబాడీ అంటే అద్దాల లంగా, తీజ్, బోగ్ అని ఒక స్లైడ్ చేస్తే నేను ఆ స్లైడ్ల పట్ట. ఉప్పల్‌ల పెరిగిన. ఫిబ్రవరి 15కు, మా గురువు సేవాలాల్ జయంతికి మాత్రం తండాకు పోత. అది కూడ మా మామ తిడతడని.

నైట్‌డ్యూటీ_సిస్టర్
పోరడు చెప్పింది అక్షరాలా నిజం. మా దగ్గర ఇంటర్‌ప్రెటర్ అంటే వార్డు బాయ్, సెక్యూరిటీ, ఆయమ్మ. ఎవరికి ఆ భాష వస్తే వాళ్ళకు కేక. ఒకసారి పేషెంట్ ‘చచ్చిపోవాలనుంది’ అంటే ఆయమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, “అట్లనొద్దు బిడ్డా, దేవుడున్నడు, పిల్లల మొహం చూడు” అని ధైర్యం చెప్పింది. మా వైపు తిరిగి, “ఏం లేదు సిస్టర్, కొంచెం బాధల ఉంది” అంది. ఆయమ్మది మంచి మనసే. కానీ ఆ రాత్రి చార్టులో పడాల్సిన మాట పడలేదు. పక్క బెడ్ అటెండెంట్ తెల్లారి చెప్తే తెలిసింది.

ఎండీ_సైకియాట్రీ
వర్క్‌షాప్ పెట్టినవాళ్ళు అమెరికా నుంచి తీసుకోవాల్సింది వదిలేసి వదిలేయాల్సింది పట్టుకొచ్చారు. ‘ఫలానా జాతి వాళ్ళు ఇలా ఉంటారు’ అని జాబితాలు బట్టీ పట్టించడాన్ని అక్కడే ఎప్పుడో తప్పుబట్టారు. 1998లో మెలనీ టెర్వలాన్, జాన్ మర్రే-గార్సియా అనే ఇద్దరు డాక్టర్లు రాసిన వ్యాసం ఇందులో పేరున్నది. ఎదుటివాళ్ళ సంస్కృతి నాకు వచ్చేసింది అనుకోవడం మానేసి, తెలియదు అన్న చోటు నుంచి మొదలుపెట్టండి అని వాళ్ళ వాదన.

అంతకుముందే ఆర్థర్ క్లైన్‌మన్ అనే హార్వర్డ్ సైకియాట్రిస్టు, తైవాన్‌లో పనిచేసిన అనుభవంతో, జబ్బు గురించి పేషెంట్‌కే ఒక లెక్క ఉంటుంది, అది అడిగి తెలుసుకోండి అన్నాడు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో (అమెరికా సైకియాట్రిస్టులు జబ్బులు గుర్తుపట్టడానికి రాసుకున్న పుస్తకం) ఈ దారిలోనే 16 ప్రశ్నల ఇంటర్వ్యూ ఒకటి చేర్చారు. అందులో పెద్ద విద్యేమీ లేదు. మీకున్న ఇబ్బందిని మీ ఇంట్లోవాళ్ళకు ఎలా చెప్తారు? ఎందుకొచ్చిందనుకుంటున్నారు? ఇంతవరకు ఎవరెవరి దగ్గరికి వెళ్ళారు? వాళ్ళు చేసినదాంట్లో ఏది పనిచేసింది? మా దగ్గర నుంచి ఏం కావాలి? తండా ఆవిడనైనా, జూబ్లీహిల్స్ ఆయననైనా ఇవే అడుగుతాం.

లాజిక్_లక్ష్మణ్
డాక్టర్ గారూ, 16 ప్రశ్నలా? ఓపీలో మనిషికి ఐదు నిమిషాలు దొరకవు. బయట కారిడార్ నిండా జనం. మీరు ఎందుకొచ్చిందనుకుంటున్నావమ్మా అని మొదలుపెడితే సాయంత్రం అవుతుంది.

ఎండీ_సైకియాట్రీ
ఓపీ సంగతి మీరు చెప్పింది నిజమే, ఒప్పుకుంటాను. 16 అడగమనడం లేదు. నేను రెండు అడుగుతాను: ఎందుకొచ్చిందనుకుంటున్నారు, ఇప్పటిదాకా ఎక్కడ చూపించుకున్నారు. రెండో దానికి వచ్చే జవాబుతో సగం కేసు తెలుస్తుంది. ఆర్ఎంపీ దగ్గర ఏదో ఇంజక్షన్, దర్గాలో తాయెత్తు, అరికాళ్ళ మంటలకు ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్... అడక్కపోతే ఇవేవీ చెప్పరు.

బోనం_బుజ్జి
మా పెద్దమ్మకు ఆషాఢంలో పూనకం వస్తుంది. ఏడాదికి ఒకసారి, గుడి దగ్గరే. తర్వాత పసుపు నీళ్ళు చల్లితే కూర్చుని టీ తాగుతుంది. నడుం నొప్పికని వెళ్తే ఉత్తరాది నుంచి కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు ఆ మాట విని సైకియాట్రీకి రాశాడు. పెద్దమ్మ ఇప్పటికీ, “ఆ పిలగాడు నన్ను ఎర్రగడ్డకు పంపిండు” అని బస్తీ అంతా చెప్తుంది.

ఇరానీచాయ్_ఇస్మార్ట్
లష్కర్ బోనాల మర్నాడు ఉజ్జయిని మహంకాళి గుళ్ళో రంగం జరుగుతది. పచ్చికుండ మీద నిలబడి ఒకామె భవిష్యవాణి చెప్తుంటే టీవీలన్నీ లైవ్, మంత్రులు చేతులు కట్టుకొని వింటరు. ఆ డాక్టర్ సాబ్‌ని అక్కడ డ్యూటీ వేయాలె. చీటీ బుక్కు ఖతం.

ఎండీ_సైకియాట్రీ
పుస్తకం ప్రకారం చూసినా ఆ కుర్రాడిదే తొందర. సమాజం ఒప్పుకున్న పూజలో, పండగలో భాగంగా వచ్చే పూనకం జబ్బు కిందికి రాదని డీఎస్ఎం, ఐసీడీ (ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా) రెండూ చెప్తున్నాయి. పండగ లేకుండా, ఇష్టం లేకుండా, పనికి అడ్డం పడేలా వస్తుంటే అప్పుడు చూడాలి. ఆ తేడా చెప్పేది ఎవరు? వాళ్ళ బస్తీ వాళ్ళే. “మీలో మిగతా వాళ్ళకు కూడా ఇలాగే వస్తుందా?” అని అడిగితే టక్కున చెప్తారు, “లేదు సార్, ఈమెది వేరే ఉంది” అని.

పాతబస్తీ_పోరి
మా ఫుప్పూకి (మేనత్తకి) బైపోలార్, అంటే మూడ్ బాగా పైకీ, బాగా కిందికీ పోయే జబ్బు. చాలా ఏళ్ళుగా లిథియం మాత్రల మీద బాగానే ఉంది. ఒక రంజాన్ ముందు డాక్టర్ మారారు. ఆయన “రోజా (ఉపవాసం) ఉంటే నా దగ్గరికి రావద్దు” అన్నారు. కారణం ఒక్క ముక్క చెప్పలేదు. ఫుప్పూ ఏం చేసిందంటే రోజా మానలేదు, మందు మానేసింది. ఈద్‌కి ఇంట్లో పరిస్థితి ఎలా ఉందో రాయను.

ఇంకొకటి. జిన్, నజర్ అన్న మాట మా వాళ్ళ నోట రాగానే కొందరు డాక్టర్లు అదోలా నవ్వి ఏదో రాసుకుంటారు. మా ఇంట్లో బీటెక్ చదివినవాళ్ళు కూడా నజర్ తీస్తారు. మీ ఇళ్ళలో దిష్టి తీయరా? కొత్త కారు కింద నిమ్మకాయ పెట్టిన డాక్టర్‌ని నేనే చూశాను.

ఎండీ_సైకియాట్రీ
పాతబస్తీ_పోరి గారూ, ఆ డాక్టరు భయం ఉత్తదేం కాదు, చెప్పిన తీరే దారుణం. ఒంట్లో నీళ్ళు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. పనిచేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య దూరం తక్కువ. ఎండాకాలం రంజాన్ అయితే ఇంకా జాగ్రత్త. కొందరికి ఈ ఏడు రోజా వద్దనే చెప్పాల్సి వస్తుంది. కానీ ఆ మాట నెల ముందే, రక్త పరీక్ష చేసి, కూర్చోబెట్టి చెప్పాలి. కుదిరినవాళ్ళకు మందు వేళలు ఇఫ్తార్, సెహరీలకు మారుస్తారు. జబ్బు చేసినవాళ్ళకు రోజా నుంచి మినహాయింపు మతంలోనే ఉంది. ఆ మాట డాక్టర్ కన్నా ఇమామ్ సాబ్ నోటి నుంచి వస్తే ఇంట్లో చెల్లుబాటు అవుతుంది. ఎవరూ సొంతంగా వేళలు మార్చుకోవద్దు.

లాజిక్_లక్ష్మణ్
అందరూ సంస్కృతిని గౌరవించాలి అంటున్నారు. 2001 ఆగస్టు 6 గుర్తుందా? తమిళనాడు ఎర్వాడి. దర్గా చుట్టూ నడిపిన షెడ్లలో గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో పోయారు. అదీ నమ్మకమే. తాయెత్తుకు తల ఊపుతూ పోతే ఎక్కడ ఆపుతారు? నా సొంత మేనమామను మూడేళ్ళు బాబాల దగ్గర తిప్పారు. మైనారిటీ కాదు, ఏమీ కాదు, పక్కా మెజారిటీ ఇల్లు. స్కిజోఫ్రీనియా అని తేలేసరికి ఉద్యోగం పోయింది, పెళ్ళాం పోయింది. నా కోపం అక్కడి నుంచి వస్తుంది.

గోర్_పోరడు
ఇది ముందే చెప్తే ఇంత కొట్లాట ఉండకపోవు లక్ష్మణన్నా.

ఎండీ_సైకియాట్రీ
గొలుసు దగ్గర ఆపుతాం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏ రూపంలోనైనా గొలుసులతో కట్టేయడాన్ని నిషేధించింది. ఇందులో బేరం లేదు. తాయెత్తు సంగతి అలా కాదు. కట్టుకోండి, దాంతోపాటు మాత్ర వేసుకోండి అంటే ఇద్దరం గెలుస్తాం. తాయెత్తు తీసెయ్యమంటే ముందు పోయేది మాత్రే.

అదే చట్టం మతం, కులం, సంస్కృతి పేరుతో వివక్ష లేకుండా వైద్యం అందాలంటోంది. జబ్బు, చికిత్స వివరాలు పేషెంట్‌కు అర్థమయ్యే భాషలో చెప్పాలని కూడా ఉంది. అమల్లోకి వచ్చింది 2018 మేలో. కూకట్‌పల్లి కౌన్సెలర్ గారు మేనేజ్‌మెంట్‌ను ఏదైనా అడగదలిస్తే కల్చర్ అని అడగకండి, చట్టం అని అడగండి.

నైట్‌డ్యూటీ_సిస్టర్
కల్లు గురించి ఎవరూ ఎత్తలేదేంటి? మన దగ్గర అదే పెద్ద కథ. కల్లు అమ్మే కాంపౌండ్లు బంద్ చేయించిన వారం చూడండి. వణుకు, ఫిట్సు, ఎవరో పిలుస్తున్నారని గోడలతో మాటలు. బయటి రాష్ట్రం నుంచి వచ్చిన పీజీ అయితే సైకోసిస్ అనుకుంటారు. కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. ఒక్కసారి ఆగిపోతే ఒళ్ళు ఊరుకోదు. మందు తాగుతావా అని అడిగితే “లేదమ్మా, ముట్ట” అంటారు. అబద్ధం కాదది. వాళ్ళ లెక్కలో కల్లు తాగుడు కాదు, పొద్దుగూకితే ఇంటిల్లిపాదీ తాగేది. అందుకే నేను, “కల్లు పోస్తారా మీ దిక్కు? ఏ కాంపౌండు మంచిగుంటది?” అని అడుగుతా. వెంటనే మొత్తం చెప్తారు, సీసాల లెక్కతో సహా.

ఇరానీచాయ్_ఇస్మార్ట్
సిస్టర్, ఏ కాంపౌండు మంచిగుంటదో డ్యూటీ అయినంక నాకు కూడ చెప్పున్రి.

మోడరేటర్
వద్దు.

డల్లాస్_బావగారు
ఇక్కడ మైనారిటీని నేనే, కాబట్టి అటు పక్క నుంచి ఒక మాట. లేఆఫ్ తర్వాత థెరపీకి వెళ్ళాను. తెల్లావిడ, మంచి మనిషి. రోజూ అమ్మతో ఫోన్లో మాట్లాడతానంటే ఆమెకు అదే జబ్బులా కనిపించింది. ఫోన్లు తగ్గించమంది. నాకు ఆ రోజుల్లో తిన్నావా అని అడిగే మనిషి అమ్మ ఒక్కతే. మా అమ్మ గురించి వివరించడానికే గంటకు నూట యాభై డాలర్లు పోస్తున్నానని మానేశాను.

సరే మనవాళ్ళయితే నయమని తెలుగు థెరపిస్ట్‌ను వెతికి పట్టుకున్నా. మొదటి ప్రశ్న “మీది ఏ ఊరు?” రెండోది “అక్కడ ఫలానా వాళ్ళు మీకేమవుతారు?” మూడోదానికి నాకు అర్థమైంది, ఆవిడ భర్త మా తెలుగు సంఘం సెక్రటరీ. దండం పెట్టి జూమ్ కట్ చేశా. చివరికి కుదిరింది ఒక కొరియన్ ఆయనతో. ఆయనకు నా గురించి ఏమీ తెలియదు, తెలియదని ఆయనకు తెలుసు.

గోర్_పోరడు
బావగారు కరెక్ట్ పాయింట్ పట్టిండు. గోర్ బోలీ వచ్చినోళ్ళని తెస్తే పనైపోదు. అదే తండా మనిషైతే సాయంత్రానికి కథ మొత్తం తండాకు చేరుతది. మా తండాల అందరం చుట్టాలమే. వేరే జిల్లా మనిషిని చూడున్రి, అదీ ఫోన్ల. మొహం కనబడకుంటే ఇంక మంచిది. ఆడమనిషికి ఆడమనిషే.

బర్మింగ్‌హామ్_భారతి
ఇక్కడ బ్రిటన్ ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లో చేస్తున్నాను. ఫోన్ ఇంటర్‌ప్రెటర్ మాకు మామూలే. పిల్లల చేత అనువాదం చేయించకూడదని గట్టిగా చెప్తారు. పద్ధతి మీకూ పనికొస్తుంది: పేషెంట్‌ను లోపలికి పిలవకముందే ఇంటర్‌ప్రెటర్‌తో రెండు నిమిషాలు మాట్లాడండి. ఓదార్చొద్దు, సర్దొద్దు, తిక్కగా ఉన్నా ఉన్నదున్నట్టు చెప్పమని చెప్పండి. మీరు పేషెంట్ మొహం చూసి మాట్లాడండి, ఫోన్ వైపు కాదు. చిన్న చిన్న వాక్యాలు. అయిపోయాక ఇంటర్‌ప్రెటర్‌ను ‘మీకేమైనా తేడాగా అనిపించిందా’ అని అడగండి.

అలాగని ఇక్కడేదో స్వర్గం అనుకోకండి. ఇన్నేళ్ళ ట్రైనింగుల తర్వాత కూడా ఇంగ్లండ్‌లో నల్లజాతి వాళ్ళను మానసిక ఆరోగ్య చట్టం కింద బలవంతంగా ఆసుపత్రిలో పెట్టడం తెల్లవాళ్ళకంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువ. ప్రభుత్వమే ఏటా ఆ లెక్కలు వేస్తుంది. మా ఆసుపత్రి ట్రస్టులో ఆ ట్రైనింగ్ మాడ్యూల్‌ను అందరూ పక్కన టీవీ పెట్టుకుని క్లిక్ చేసి పాసవుతారు.

లాజిక్_లక్ష్మణ్
ఇది రాసిపెట్టుకోండి అందరూ. ట్రైనింగ్ వేస్ట్ అని నేను మొదట్నుంచీ...

బర్మింగ్‌హామ్_భారతి
ట్రైనింగ్ ఒక్కటీ చాలదన్నాను, వేస్ట్ అనలేదు. పక్కన ఇంటర్‌ప్రెటర్‌కు డబ్బు, అపాయింట్‌మెంట్‌కు టైము లేకపోతే స్లైడ్లతో ఏం లాభం?

బాలాపూర్_వాలంటీర్
రోహింగ్యా కుటుంబాలతో పనిచేస్తాను. భాష కన్నా ముందు రిజిస్ట్రేషన్ కౌంటర్ దగ్గరే ఆగిపోతుంది. ఆధార్ అనగానే లేచి వెళ్ళిపోతారు. చెప్పింది పోలీసులకు చేరుతుందన్న భయం. ఇది భ్రమ అని ఒకరు కేస్ షీట్‌లో రాశారు. అన్నీ వదిలేసి పారిపోయి వచ్చినవాళ్ళకు అది భ్రమ ఎలా అవుతుందండీ? మేం ఇప్పుడు ముందే చెప్తాం: ఏది రాసుకుంటాం, ఎవరు చూస్తారు, ఎవరికి చూపించం. అప్పుడు కూర్చుంటారు.

ఆదిలాబాద్_టీచర్
ఆసిఫాబాద్, ఉట్నూరు వైపు గోండులు హైదరాబాద్ దాకా వచ్చారంటే అప్పటికే ఎన్నో మెట్లు దాటి వచ్చినట్టు. ముందు ఊరి పెద్ద పటేల్, తర్వాత భక్తాల్ (దేవుణ్ణి అడిగి కారణం చెప్పేవాడు), తర్వాత పీహెచ్‌సీ, ఆదిలాబాద్ రిమ్స్ ఆసుపత్రి. వెంట నలుగురైదుగురు వస్తారు. సెక్యూరిటీ ఒక్కరే లోపలికి అంటాడు. నిర్ణయం తీసుకునే మనిషి బయట చెట్టు కింద ఉండిపోతాడు. లోపల పేషెంట్ అన్నిటికీ సరే అంటాడు, ఊరికి పోయాక ఏదీ జరగదు. పటేల్‌ను కూడా ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. పేషెంట్ ఒప్పుకుంటేనే సుమా.

ఎండీ_సైకియాట్రీ
టీచర్ గారి చివరి వాక్యం మర్చిపోవద్దు. మన దగ్గర కుటుంబాన్ని పిలవడం కష్టం కాదు, బయటికి పంపడమే కష్టం.
లెక్కలంటే గుర్తొచ్చింది, బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేకు 12 రాష్ట్రాలు తీసుకున్నారు. వాటిలో తెలంగాణ లేదు, ఆంధ్రా లేదు. తండాల సంగతి దేవుడెరుగు.

కౌన్సెలర్_కూకట్‌పల్లి
అప్‌డేట్. ఆవిడ మళ్ళీ వచ్చింది (వివరాలు కొన్ని మార్చాను). కొడుకును టీ తాగి రమ్మని పంపాం. ఖమ్మం వైపు నర్సింగ్ అమ్మాయిని ఫోన్లో పెట్టాం, భారతి గారు చెప్పినట్టు ముందే మాట్లాడి. డాక్టర్ గారి రెండు ప్రశ్నలే అడిగాను. ఎందుకొచ్చిందనుకుంటున్నారు అనగానే ఆవిడ తటపటాయించకుండా చెప్పింది. సంఘంలో ఆమె పేరు మీద లోను తీసి మరిది వాడుకున్నాడు. కిస్తీ ఆమే కట్టాలి. కిస్తీ రోజు ముందు రాత్రుళ్ళు గుండె దడ, చెమటలు, నిద్ర లేదు. సంఘం ఆడవాళ్ళు ఇంటి ముందు కూర్చుంటారని భయం. కొడుకుకు తెలిస్తే బాబాయి మీదికి పోతాడని ఇంకో భయం. ఎవరి దగ్గరికి వెళ్ళావంటే, మేరామా గుడిలో మొక్కింది, తర్వాత ఆర్ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకుంది.

లాజిక్_లక్ష్మణ్
అది అప్పు! సంస్కృతి ఎక్కడుంది ఇందులో? మా కాలనీలో సగం మందికి ఇదే జబ్బు.

పాతబస్తీ_పోరి
అప్పేనని ఇప్పుడు తెలిసింది లక్ష్మణ్ గారూ. పోయినసారి నిద్ర అని తెలిసింది.

గోర్_పోరడు
కొడుకు అంతసేపు విని గూడ నిద్ర అనే చెప్పిండు కదా, అంటే కొడుకుకు అప్పు సంగతి తెలుసు. అతనితోని కూడ విడిగా మాట్లాడున్రి అక్కా.

కౌన్సెలర్_కూకట్‌పల్లి
ఇది నాకు తట్టలేదు. ఆవిడను అడిగి, సరే అంటే పిలుస్తాను. సంఘం కిస్తీ విషయం చూడ్డానికి మా సోషల్ వర్కర్ మండలం ఆఫీసులో మాట్లాడుతున్నారు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
మధ్యలో రాత్రి పూట భయం ఎక్కువైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు రాసివ్వండి. తెలుగు, ఉర్దూ, హిందీ పలుకుతుంది. ఆవిడకు కాకపోయినా కొడుక్కి పనికొస్తుంది.

గోర్_పోరడు
ఆ ఖమ్మం అమ్మాయికి పైసలిచ్చిండ్రా? మా భాష అనంగనే అందరికీ ఫ్రీ సర్వీస్ గుర్తొస్తది.

కౌన్సెలర్_కూకట్‌పల్లి
అకౌంట్స్‌లో ఇంటర్‌ప్రెటర్ అనే ఖాతా లేదట. ప్రస్తుతానికి ‘టీ, స్నాక్స్’ కింద రాశారు. వచ్చే మీటింగ్‌కి చట్టం ప్రింటవుట్ తీసుకెళ్తున్నాను.

ఇరానీచాయ్_ఇస్మార్ట్
టీ, స్నాక్స్ కింద నా పేరు కూడ రాయి అక్కా, నాకు దక్కనీ వస్తది.